జవాబు కార్డు

(నేత్రదాన పక్షోత్సవాల్లో, గుంటూరులో, మా గురువుగారి జ్ఞాపకార్థం చేసిన ప్రసంగానికి అచ్చుపాఠం. మాట్లాడేటప్పుడు దొర్లిన పునరుక్తులు కొన్ని తీసేశాను. తిట్లు తీయలేదు.)



ఇంద్రియాలన్నిటిలోకీ కన్నే గొప్పదని చెప్పే శ్లోకం చదవందే మన ఊళ్ళలో కంటి డాక్టర్ని మైకు వదలనివ్వరు. మాస్టారికి ఆ శ్లోకమంటే చిరాకు. "కన్ను గొప్పదని పేషెంటుకి తెలుసయ్యా, తెలిసే మన దగ్గరికొచ్చాడు" అనేవారు. కాబట్టి వదిలేస్తున్నాను. ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది, ఫొటో కిందా ఉంది. నేను మాత్రం మాస్టారనే అంటాను. ముప్ఫయ్యేళ్ళు అలాగే పిలిచాను, ఇప్పుడు పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు.

ఇవాళ్టి విషయం కళ్ళజోడు వదిలించుకోవడానికి చేయించుకునే ఆపరేషన్. ఆపరేషన్ సంగతి మీకు ప్రకటనలు బోలెడు చెబుతాయి. నేను చెప్పబోయేది ఆ తర్వాతి పదేళ్ళ గురించి, ఇరవయ్యేళ్ళ గురించి. దానికి ముందు ఒక పోస్టుకార్డు సంగతి చెప్పాలి.

నేను మాస్టారి దగ్గర చేరిన రోజుల్లో పల్లెల్లో కళ్ళ క్యాంపులు జరిగేవి. బడి గదుల్లో, సత్రాల్లో బల్లలు కలిపి వేసి శుక్లాలు తీసేవాళ్ళం. కంట్లో లెన్సు పెట్టడం అప్పటికి మన పల్లెలకి రాలేదు. కొన్ని వారాలాగి +10 నంబరు అద్దాలిచ్చి పంపేవాళ్ళం, సోడాబుడ్డి అద్దాలు. డిశ్చార్జి రోజున మాస్టారు ప్రతి మనిషి చిరునామా ఒక నోటు పుస్తకంలో స్వయంగా రాసుకునేవారు. ఏడాది తిరిగాక ఆ చిరునామాకి జవాబు కార్డు వెళ్ళేది. ఇక్కడున్న పిల్లలు చూసి ఉండరు. రెండు కార్డులు జంటగా కలిసి ఉండేవి. ఒకటి మనం రాసింది, రెండోది వాళ్ళు చించి తిరుగు టపాలో వేయాల్సింది. ఖర్చు మనదే. కార్డు మీద మూడు ప్రశ్నలు: అద్దాలు ఉన్నాయా? మీ గుమ్మంలో నిలబడితే ఎదురింటి మనిషి మొహం ఆనుతోందా? పొలానికి ఒక్కరే వెళ్తున్నారా?

జవాబులు మనవలో, పోస్టుమాస్టరో, బడిపంతులో రాసి పంపేవాళ్ళు. ఒకటి నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆపరేషన్ దివ్యంగా ఉంది. అద్దాలు గేదె తొక్కింది. అప్పటినుంచి మళ్ళీ గుడ్డివాణ్ణే." మా రిజిస్టర్లో ఆ పెద్దమనిషి పేరు పక్కన ఏమని ఉందో తెలుసా? విజయవంతం. పై ఆఫీసుకి పంపిన లెక్కల్లో కూడా విజయవంతమే. మాస్టారు ఆ కార్డు పట్టుకుని రెండు జతల అద్దాలు పార్సిల్ చేయించారు. రెండోది గేదెకోసం అన్నారు.

ఆ తర్వాత 1996 నుంచి 2000 దాకా హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఇల్లిల్లూ తిరిగి పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వే కూడా ఇదే మాట లెక్కలతో చెప్పింది. శుక్లం తీయించుకుని కూడా చూపు లేకుండా మిగిలినవాళ్ళు ఉన్నారు. కొందరికి ఆపరేషన్‌లో తేడా వచ్చింది, కొందరికి సరైన అద్దాల్లేవు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థవాళ్ళు ఆ సర్వే పుస్తకం నా చేతిలో పెట్టినప్పుడు నాకు గేదె గుర్తొచ్చింది.

ఇక కళ్ళజోడు వదిలించే ఆపరేషన్ ఎక్కడ మొదలైందో చూడటానికి జపాను వెళ్దాం. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, దాని మీద గాట్లు పెట్టి సైటు తగ్గించవచ్చని మొదట గట్టిగా నమ్మి, వరుసగా ఆపరేషన్లు చేసినవాడు టోక్యోలోని జుంటెండో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ త్సుటోము సాటో. రెండో ప్రపంచయుద్ధానికి కాస్త ముందు మొదలైంది ఆ పని. ఆయన కార్నియాకి ముందువైపే కాదు, లోపలివైపు కూడా గాట్లు పెట్టాడు. సైటు తగ్గింది. ఏడాది, రెండేళ్ళు, ఐదేళ్ళు చూసినా కళ్ళు బాగున్నాయి. 1953లో అమెరికా పత్రికలో వ్యాసం వచ్చింది.

కార్నియా లోపలి గోడకి ఒకే ఒక్క వరస కణాలుంటాయి. కార్నియాలోకి చేరే నీటిని అవి రాత్రింబగళ్ళు తోడి పోస్తుంటాయి, ఏతామేసినట్టు. పెద్దయ్యాక చదరపు మిల్లీమీటరుకి రెండున్నర వేలో మూడు వేలో ఉంటాయి. పోయినవి పోయినట్టే, మళ్ళీ పుట్టవు. వీటి విలువ సాటో రోజుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయన కత్తి ఆ వరసని కోసుకుంటూ పోయింది. మిగిలిన కణాలు తమ వంతుకి మించి తోడుతూ లాక్కొచ్చాయి. దాదాపు ఇరవయ్యేళ్ళకి అలిసిపోయాయి. అప్పుడు కార్నియాలు ఉబ్బి, బొబ్బలెక్కి, పాలరాయిలా తెల్లబారడం మొదలైంది. పాతికేళ్ళ వయసులో కళ్ళజోడు తీసి పారేసి నవ్వుతూ వెళ్ళిన కుర్రవాళ్ళు నలభై దాటాక కార్నియా మార్పిడికి క్యూలో నిలబడ్డారు.

సాటో మోసగాడని నేననను. ఐదేళ్ళు చూసి మంచిదనుకున్నాడు. ఐదేళ్ళు చాలలేదు, అంతే.

జపానువాడి తప్పు చెప్పి నా తప్పు దాచుకుంటే మాస్టారు ఫొటోలోంచి దిగి వస్తారు. కాబట్టి అది కూడా వినండి. 1970ల్లో మాస్కోలో ఫ్యోదరోవ్ అనే డాక్టరు సాటో పద్ధతిని సవరించి, లోపలివైపు ముట్టుకోకుండా ముందువైపు నుంచి మాత్రమే గాట్లు పెట్టడం మొదలుపెట్టాడు. రేడియల్ కెరటాటమీ అంటారు, ముద్దుగా ఆర్.కె. కంటిపాపకి ఎదురుగా ఉన్న నడిమిభాగం వదిలేసి, చుట్టూ బండిచక్రం ఆకుల్లా ఎనిమిది గాట్లు, వజ్రపు కత్తితో, కార్నియా మందంలో పదింట తొమ్మిది వంతుల లోతు దాకా. అంచులు వదులై, నడుమ చదునై, సైటు తగ్గుతుంది. పేషెంట్లని తిరిగే బల్లల మీద పడుకోబెట్టి, ఒక్కో డాక్టరు ఒక్కో పని చేసి ముందుకు తోసే ఫ్యాక్టరీలాంటి ఆసుపత్రి ఆయనది. లోకమంతా ముక్కున వేలేసుకుని చూసింది. 1980ల చివర్లో నేనూ ఆ వజ్రపు కత్తి పట్టుకున్నాను.

మాస్టారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పదేళ్ళ తర్వాత ఎలా ఉన్నారో ఎవరన్నా కార్డు రాసి అడిగారా?" అన్నారు. ఆయన కత్తి ముట్టుకోలేదు. నేను ఆపలేదు.

ఆ కార్డు అప్పటికే రాసినవాళ్ళున్నారని నాకు తర్వాత తెలిసింది. అమెరికా ప్రభుత్వ డబ్బుతో, జార్జ్ వేరింగ్ అనే డాక్టరు సారథ్యంలో, పెర్క్ అనే అధ్యయనం 1980ల మొదట్లోనే మొదలైంది. అందరికీ ఒకే పద్ధతిలో ఆర్.కె. చేసి, పదేళ్ళూ వెంటపడి పిలిచి చూశారు. పదేళ్ళకి 374 మంది తిరిగొచ్చి 693 కళ్ళు చూపించుకున్నారు. వైద్యంలో ఇలా తిరిగి రప్పించడం ఎంత కష్టమో ఈ హాల్లో కూర్చున్న డాక్టర్లకి చెప్పనక్కర్లేదు. 1994లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరో నెలకీ పదో ఏటికీ మధ్య 43 శాతం కళ్ళు కనీసం ఒక నంబరు ప్లస్ వైపు జరిగాయి. అంటే ఆపరేషన్ చేసి మనం చేతులు కడుక్కున్నాం గానీ కార్నియా చదునవడం ఆపలేదు. అలా ఏళ్ళ తరబడి అవుతూనే ఉంది. 1996లో ఎవరెస్టు మీద తుపాన్లో చిక్కుకుని బతికి బయటపడ్డ టెక్సాస్ డాక్టరు బెక్ వెదర్స్‌వి ఆర్.కె. అయిన కళ్ళే. పైకి వెళ్ళేకొద్దీ ప్రాణవాయువు పలచబడి, గాట్లున్న కార్నియా ఉబ్బి, చూపు మసకబారిపోయింది. శిఖరం ఎక్కకుండా ఆగిపోయాడు.

మనవాళ్ళు ఎవరెస్టు ఎక్కలేదు గానీ, నా పేషెంటు ఒక బడిపంతులు పొద్దున్నే పేపరు చదవలేకపోయేవారు. నేను గాట్లు పెట్టేనాటికి ఆయనది మైనస్ నాలుగు. పాతికేళ్ళ తర్వాత ప్లస్ మూడు. నిద్రలేచేసరికి అంతకంటే ఎక్కువ, సాయంత్రానికి కాస్త తక్కువ. రాత్రి మూసిన రెప్పల కింద గాట్లు ఉబ్బుతాయి, పగలు మళ్ళీ సర్దుకుంటాయి. ఆయన మూడు షాపులు తిరిగి మూడు జతల అద్దాలు చేయించుకున్నారు. పొద్దున పరీక్ష చేసిన షాపువాళ్ళది ఒక నంబరు, సాయంత్రం చేసినవాళ్ళది ఇంకొకటి. "అందరూ దొంగలేనండీ" అంటూ నా దగ్గరికొచ్చారు. దొంగ నేనేనని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆయనకి ఎన్ని గాట్లు పెట్టానో, ఎంత లోతు పెట్టానో చూద్దామంటే నా రిజిస్టరు లేదు. ఆసుపత్రి మరో వీధికి మార్చినప్పుడు పాత పుస్తకాలు కింద పెట్టాం, చెదలు తినేశాయి. పొద్దుటికో జత, సాయంత్రానికో జత రాసిచ్చి పంపించాను. ఫీజు తీసుకోలేదు. అది పెద్ద ప్రాయశ్చిత్తమేమీ కాదు.

ఇక లేజరు. ఇది మీకందరికీ తెలిసిన కథే, త్వరగా దాటేస్తాను. మద్రాసులో పుట్టి చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ న్యూయార్కు దగ్గర ఐ.బి.ఎం. ప్రయోగశాలలో పనిచేస్తూ, 1981లో థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజరు వేసి చూశాడు. పక్కన కాలకుండా, గీసినట్టు గాడి పడింది. న్యూయార్కు కంటి డాక్టరు ట్రోకెల్ దాన్ని కార్నియాకి తెచ్చాడు. బొగోటాలో బర్రాకెర్ ఏనాడో మొదలెట్టిన, కార్నియా పొర కోసి చెక్కే పద్ధతిని మార్చి, గ్రీసు డాక్టరు పల్లికారిస్ పొర లేపి కింద ఈ లేజరుతో చెక్కి లాసిక్ అని పేరు పెట్టాడు. 1990ల చివరికల్లా మన నగరాల్లోనూ లాసిక్ యంత్రాలు వచ్చాయి.

మంచి ఆపరేషన్. మళ్ళీ అంటున్నాను, మంచి ఆపరేషన్. నేను విరోధినని రేపు పేపర్లో రాయకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పేషెంట్లనే అడిగి 2017లో ప్రకటించిన అధ్యయనంలో 95 శాతం పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నారు. అదే అధ్యయనంలో, అంతకు ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్ళలో 40 శాతం పైన మూడు నెలలకి కొత్తగా ఏదో ఒకటి చెప్పారు: దీపాల చుట్టూ వలయాలు, చుక్కలు చిమ్మినట్టు మెరుపులు, జంట బొమ్మలు. వాళ్ళలో చాలామందికి అది ఇబ్బందిగా లేదు. ఈ రెండు మాటలూ నిజమే. ప్రకటనలో మొదటిదే వేస్తారు.

లేజరు ఏం చేస్తుందో లెక్కలో చెబుతాను. మన కార్నియా మందం నడిమధ్యన సుమారు 540 మైక్రాన్లు, అర మిల్లీమీటరు. ఒక్కో నంబరు తీయడానికి 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ ఆరు ఉన్న కన్నయితే వెంట్రుకంత మందం పోతుంది, పైగా లేపిన పొర మళ్ళీ బలంగా అతుక్కోదు. కింద మిగిలింది 250 మైక్రాన్లకి తగ్గకూడదని లెక్క. తగ్గినా, పుట్టుకతోనే కార్నియా బలహీనమైనా, రోజూ కళ్ళు గట్టిగా నలుపుకునే అలవాటున్నా, అది కొన్నేళ్ళకి ముందుకి ఉబ్బడం మొదలుపెడుతుంది. అరుదే. ఆ అరుదైన కుర్రవాడు నా దగ్గరికి వచ్చేసరికి మూడేళ్ళు ఆలస్యమైంది. ఏటా అడ్డనంబరు, అదే సిలిండరు, పెరుగుతుంటే షాపులో అద్దాలు మార్చుకుంటూ పోయాడు. ఆపరేషన్ చేసిన చోట ఏడాది దాకా ఉచితంగా చూస్తామన్నారు, ఏడాది తర్వాత తనే మానేశాడు. డ్రెస్డెన్‌లో పుట్టిన క్రాస్‌లింకింగ్ చికిత్స ఉంది: విటమిన్ బి2 చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పడితే కార్నియా గట్టిపడుతుంది. ఉబ్బడం ఆపుతుంది గానీ ఉబ్బిందాన్ని వెనక్కి తీసుకురాదు. మూడేళ్ళ ముందు ఆపి ఉంటే ఆ అబ్బాయి మామూలు అద్దాలతో బతికేవాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళ దగ్గరికి వస్తాను. మన తెలుగువాళ్ళ లాసిక్ చరిత్రలో సగం పెళ్ళి చరిత్రే. సోడాబుడ్డి అద్దాలున్న పిల్లకి సంబంధాలు రావని, ఇంటరు అయిందో లేదో తల్లులు లేజరు ఆసుపత్రి అడ్రసు కనుక్కునేవారు. ఇరవై దాటి నంబరు నిలకడగా నిలిచేదాకా ఆగాలని చెబితే, "ఈ మాఘంలో ముహూర్తం" అనేవారు. మన వైమానిక దళం కూడా లాసిక్ అయినవాళ్ళని తీసుకుంటుంది. కాకపోతే ఇరవయ్యేళ్ళు నిండాక చేయించుకుని ఉండాలి, ఏడాది గడిచి ఉండాలి, కార్నియా 450 మైక్రాన్లకి తగ్గకూడదు, కంటి పొడవు కూడా హద్దు దాటకూడదు అని కాగితాలన్నీ చూస్తుంది. పెళ్ళివారు కాగితాలడగరు. పైగా కాగితం కనపడితేనే ప్రమాదం.

ఈ మధ్య ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది, 52 ఏళ్ళు, పక్కన భర్త. శుక్లాలు. "ఇదివరకు కంటికేమన్నా ఆపరేషన్ అయిందా అమ్మా?" అన్నాను. భర్త వైపు చూసి, లేదంది. కార్నియా పటం చూస్తే నడుమ చదును, పళ్ళెంలా. ఆయన్ని కౌంటరు దగ్గర బిల్లు కట్టి రమ్మని పంపించాను. తలుపు మూసుకోగానే ఆవిడ, "1999లో, డాక్టరుగారూ. పెళ్ళికి ఆరు నెలల ముందు. వాళ్ళకి చెప్పలేదు" అంది. కాగితాలేవమ్మా అంటే, "మా అమ్మ నీళ్ళ కాగు కింద పెట్టేసింది" అంది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

ఆ కాగితం ఇప్పుడెందుకు? శుక్లం తీసి పెట్టే లెన్సు ఎంత పవరుండాలో యంత్రం లెక్కగడుతుంది. కార్నియా ముందువైపు వంపు కొలిచి, వెనకవైపు కూడా దానికి తగ్గట్టే ఉంటుందని ఊహిస్తుంది. పుట్టినప్పటిలాగే ఉన్న కన్నుకి అది సరే. లేజరు ముందువైపునే చదును చేసింది, వెనకవైపు ఉన్నట్టే ఉంది. యంత్రం మోసపోయి, కార్నియాకి లేని బలం ఉందనుకుంటుంది. దాంతో తక్కువ పవరు లెన్సు పెడతాం. దూరం చూపు కోసం ఆపరేషన్ చేయించుకున్న మనిషి ప్లస్ నంబరుతో లేచి కూర్చుంటాడు, దూరమూ ఆనదు, దగ్గరా ఆనదు. ఇప్పుడు కొత్త సూత్రాలున్నాయి, కార్నియా వెనకవైపునీ కొలిచే యంత్రాలున్నాయి, పొరపాటు బాగా తగ్గింది. అయినా ఆపరేషన్‌కి ముందున్న నంబరు చేతిలో ఉంటే ఆ లెక్కకి అంత ధైర్యం.

"పాత కళ్ళజోడన్నా ఉందా?" అన్నాను ఆశ లేకుండా. ఆవిడ మొహం విప్పారింది. "అది పారేయలేదండీ. అమ్మమ్మ కొనిపెట్టింది. బీరువాలో చీరల కిందుంది." మర్నాడు తెచ్చింది. ఫ్రేము విరిగింది, అద్దాలు పదిలం. యంత్రంలో పెట్టి కొలిస్తే రెండూ మైనస్ ఆరున్నర. ఇరవై ఆరేళ్ళ కిందటి రికార్డు దొరికింది. ఆపరేషన్ అయ్యాక ముప్పావు నంబరు ప్లస్ మిగిలింది, అంతే. భర్తకి చెప్పిందో లేదో నేనడగలేదు.

దాచడం వల్ల ఇంకో నష్టం ఉంది, అది పిల్లలకి. తల్లికి అద్దాల్లేవు కదా, పిల్లకి సైటెందుకొస్తుందని చూపించరు. లేజరు కార్నియాని చెక్కుతుంది గానీ సైటు వంశాన్ని చెక్కలేదు. ఆ పిల్ల ఆరో తరగతి దాకా బోర్డు ఆనక వెనకబడి కూర్చుంటుంది.

కార్నియాని చెక్కినంతలో మిగతాది మారదన్న ఈ మాట కంటి లోపలి తెరకి, రెటీనాకీ వర్తిస్తుంది. సైటంటే అసలు కన్ను పొడుగ్గా ఉండటం. మామూలుగా 24 మిల్లీమీటర్లకి అటూఇటూ ఉండాల్సింది 26, 27 అవుతుంది. లోపల రెటీనా సాగి, అంచుల్లో పలచబడి ఉంటుంది. లేజరు ముందు కిటికీని సరిచేసింది, ఇంటి పొడుగు అలాగే ఉంది. అద్దాలు పోయాయి కాబట్టి తమది ఇక సైటు కన్ను కాదని అందరూ అనుకుంటారు. కంటి ముందు ఉన్నట్టుండి దోమల గుంపు ఎగిరినట్టున్నా, చీకట్లో మెరుపులు మెరిసినా, ఒక పక్క తెర దించినట్టనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆదివారం పోయాక కాదు. ఏడాదికోసారి చుక్కలు వేసి లోపల చూపించుకోవడం ఆపరేషన్ అయినా తప్పదు.

నీటికాసులు, అదే గ్లాకోమా, ఇంకా మోసకారిది. కంటి ఒత్తిడి కొలవడమంటే కార్నియాని కాస్త నొక్కి చూడటమే. సైకిలు టైరు గాలి బొటనవేలితో చూసినట్టు. టైరు పలచనైతే లోపల ఎంత గాలి ఉన్నా మెత్తగానే తగులుతుంది. లాసిక్ అయిన కంట్లో ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. సైటువాళ్ళకి నీటికాసుల ముప్పు మామూలుగానే ఎక్కువ. యంత్రం 14 చూపిందని సంతోషించి పంపించేస్తే, కంటి నరం లోపల ఎండిపోతూ ఉండొచ్చు. లాసిక్ అయిందని పేషెంటు చెబితే ఆ డాక్టరు నరాన్ని చూస్తాడు, ఒక్క అంకెని నమ్మడు.

చత్వారం సంగతి నవ్వుతూ చెప్పాలి. ఆ పేరులోనే నలభై ఉంది. 42 ఏళ్ళ మనిషి వచ్చి, "లేజరు ఫెయిలయింది, ఫోను మెసేజి చదవలేకపోతున్నాను" అంటాడు. ఫెయిలవలేదు నాయనా, నువ్వు పెద్దవాడివయ్యావు. సైటున్నవాళ్ళు అద్దాలు తీసి దగ్గర చదువుకునే సౌకర్యాన్ని లేజరుతో వదులుకుంటారు. ఆ మాట ముందే చెప్పని డాక్టర్లని ఏమనాలో నేను ఇక్కడ అనలేను.

లేజరు తర్వాత కళ్ళు పొడిబారడం చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్ళు వేధిస్తుంది. లేజరు కోసిన నరాలు మళ్ళీ అల్లుకోవాలి. కార్నియా పలచగా ఉందని లేజరు వద్దని, కంట్లోనే అదనపు లెన్సు పెట్టించుకున్నవాళ్ళకి మాత్రం ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఏడాదికోసారి ఆ లోపలి వరస కణాలు లెక్కపెట్టించుకోండి. సాటో పేషెంట్లకి ఆ యంత్రం లేదు, మీకుంది.

ఇంత చెప్పి, తప్పంతా పేషెంట్లదని అంటే అన్యాయం. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన పేషెంటు రికార్డుని మూడేళ్ళు భద్రపరిస్తే చాలు. లాసిక్ చేయించుకుని అదే పూట ఇంటికెళ్ళేవాళ్ళని చేరినవాళ్ళలో లెక్కేస్తారో లేదో కూడా అనుమానమే. మూడేళ్ళు దేనికి సరిపోతుంది? శుక్లం ఆ ఆపరేషన్ అయిన ఇరవై ఏడో ఏట వస్తుంది. అదే నియమావళిలో ఇంకో మాట ఉంది, అది ఎవరూ వాడుకోరు: పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. ఆరోగ్య ఖాతా నంబర్లని 2021 నుంచి కేంద్రం ఇస్తోంది, మంచిదే. కానీ ఆ నంబరు కిందకి కాగితం దానంతటది నడిచి రాదు, ఎవరో ఒకరు చేర్చాలి. ఈలోగా ఆసుపత్రులు చేతులు మారతాయి, యంత్రం పాతదై కంప్యూటరుతో సహా తుక్కు కిందకి పోతుంది. సంక్రాంతి సెలవుకి అమెరికా నుంచి వచ్చి, లేజరు చేయించుకుని, మూడో వారం విమానం ఎక్కిన మనవాళ్ళ కళ్ళని డల్లాస్‌లో ఎవరో చూస్తారు. ఇక్కడ ఏం చేశారో వాళ్ళకి ఒక్క ముక్క తెలియదు.

నా ఉద్దేశంలో పని చిన్నది. ఆపరేషన్ చేసిన ప్రతి డాక్టరూ అరచేతంత గట్టి కార్డు ఒకటి పేషెంటు చేతిలో పెట్టాలి. ఏ పద్ధతిలో ఏ తేదీన చేశారు, అంతకుముందు నంబరెంత, కార్నియా వంపెంత, మందమెంత, ఎంత చెక్కారు, ఆరు నెలలకి నంబరెక్కడ నిలిచింది. ఇది డిస్కౌంటు కూపను వెనకవైపు పట్టేంత సమాచారమే. అది పెట్టుకోవడానికి సిగ్గుపడే ఇళ్ళలో, కనీసం పాత కళ్ళజోడు పారేయకుండా దాచండి.

ఇవి నేత్రదాన పక్షోత్సవాలు కాబట్టి ఇంకొక్క మాట. లాసిక్ అయినవాళ్ళు కూడా కళ్ళు దానం చేయవచ్చు. ఆ కార్నియాని పూర్తిగా మార్చి కుట్టడానికి వాడరు గానీ, లోపలి పొర మాత్రం మార్చాల్సినవాళ్ళకి పనికొస్తుంది. అయితే ఐ బ్యాంకువాళ్ళు ఇంటికొచ్చినప్పుడు ఆపరేషన్ అయిందని చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండాలి. భర్తకే తెలియకపోతే ఎవరు చెబుతారు?

(ఇక్కడ నేను సభలో లేజరు అయినవాళ్ళని చేతులెత్తమన్నాను. పదకొండు చేతులు లేచాయి. కాగితాలున్నవాళ్ళు మాత్రమే ఎత్తి ఉంచమన్నాను. రెండు మిగిలాయి. ఒకరు నావికా దళంలో పనిచేసి వచ్చినాయన.)

దించిన తొమ్మిది మందికీ చెబుతున్నాను. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసిన చోటికి ఉత్తరం రాయండి, రికార్డు నకలు ఇవ్వమని. ఆ ఆసుపత్రి లేకపోతే బీరువాలో వెతకండి. మాస్టారి నోటు పుస్తకాలు వాళ్ళమ్మాయి దాచి ఉంచారు, అందులో చివర కొన్ని కాగితాలు ఖాళీగా ఉన్నాయి. బయట బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు మీ పేరు, చిరునామా, ఆపరేషన్ అయిన సంవత్సరం రాసి వెళ్ళండి. ఫోను నంబరొద్దు, అది మారిపోతుంది. వచ్చే ఆగస్టులో మీకు ఒక కార్డు వస్తుంది. జవాబు రాయండి.